వెలగకూడని చోట

నా కారు నా ఒక్కదాని ముందే మొరాయిస్తుంది.
ఆటోనగర్ గేటు దాటిందా,
మొదటి తాళానికే లేస్తుంది
బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లలా, బుద్ధిగా.

ఇరవై ఏడేళ్ళ మారుతీ ఎనిమిది వందలు.
వెనక సీట్లో ఐసు పెట్టె, సూదులు, సీసాలు.
తెల్లారీ తెల్లారకుండా ఇంటింటికీ వెళ్ళి
పరగడుపు రక్తం తీసుకొచ్చే పని నాది.
నాలుగింటికి ఏనాడూ పేచీ పెట్టదు.
పదకొండు దాటాక, ఎండలో ఓ గంట నిలబడ్డాక,
మొగల్రాజపురంలోనో కృష్ణలంకలోనో
తాళం తిప్పితే
టక్.
అంతే. ఒక్క టక్.

ఎదురింటాయన బ్యాటరీ అన్నాడు, మార్చాను.
పటమట మెకానిక్ సెల్ఫ్ మోటారన్నాడు, మార్చాను.
మా ల్యాబ్ ఓనరు బండే మార్చెయ్యమన్నాడు.
ఆయన మాట వినలేదు.

సిలార్ సాహెబు బానెట్ ఎత్తలేదు.
స్టూలు లాగి కూర్చోబెట్టి
నేను మంచం పక్కన నిలబడి అడిగినట్టే అడిగాడు:
ఏ వేళప్పుడు? ఎంతసేపు ఆగాక?
ఆ టక్ మన్నప్పుడు లైట్లు మసకేస్తాయా?
"లేదండీ, అలాగే ఉంటాయి."
"ఊఁ" అన్నాడు. టీ అయ్యేదాకా ఇంకేం అనలేదు.

"మార్చడం తేలికమ్మా, దొరకడమే కష్టం.
బాగున్నప్పుడు కెలికితే
బాగున్నవే పాడు చేస్తాం.
వదిలేసి వెళ్ళు. చెడ్డప్పుడు పిలుస్తాను."

షెడ్డులో ఏలియా అని ఓ కుర్రాడు,
పానాలు తుడుస్తున్నాడు.
"వీడూ నీ కారు లాంటోడే,
ఒకరోజొస్తాడు, ఒకరోజు రాడు."
ఏలియా నవ్వాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

మూడో రోజు, భాద్రపదపు ఎండ
రేకుల మీద చిటపటలాడుతుండగా ఫోను.
"రా. వచ్చింది."
జ్వరం వచ్చిందన్నంత మెల్లగా.

ఏలియా తాళం దగ్గర. టక్. మళ్ళీ టక్.
సిలార్ చెయ్యి బానెట్ కింద
యాక్సిలరేటర్ కేబుల్ మీద.
"పట్టుకు చూడు."
చూశాను. కాలిపోతోంది.
తన దారి మూసుకుపోయి
కరెంటు పక్కింటి పెరట్లోంచి
దొడ్డిదారిన ఇల్లు చేరాలని చూస్తోంది.

అప్పుడు తీశాడు జేబులోంచి
రెండు వైర్లకు వేలాడే ఉసిరికాయంత బల్బు.
ఓ కొస బ్యాటరీ మైనస్‌కి, ఓ కొస ఇంజను ఇనుముకి.
"రెండూ ఒకటే. మధ్యలో ఇది వెలగకూడదు. తిప్పరా."

వెలిగింది.

ఒక్క బోల్టు. దాని కింద జానెడు రాగి జడ,
జడ కింద తెల్ల పెయింటు,
పెయింటు అంచున పచ్చటి చిలుము.
పోయినేడు బుడమేరు సింగ్‌నగర్‌లో
సీట్ల దాకా ముంచినప్పుడు
బాగు చేయించి, ముచ్చటపడి
రంగు కొట్టించింది నేనే.
ఎవరో రంగు మీదే బిగించేశారు.
చల్లబడితే పట్టుకునేది, వేడెక్కితే వదిలేసేది.

ఉప్పుకాగితం గీరిన చప్పుడు. కాస్త వాజలైన్.
నూటయాభై అన్నాడు.
బ్యాటరీ బిల్లు సంగతి చెప్పబోయి ఊరుకున్నాను.

నోటు అందుకుంటున్న ఏలియా కళ్ళు చూశాను,
కింది రెప్ప లోపల, పాలిపోయిన తెలుపు.
"రోజు విడిచి రోజు వణుకొస్తుందా?"
"వస్తదక్కా. రెండుసార్లు పరీక్ష చేయించా,
ఏం లేదన్నారు."
"రక్తం ఎప్పుడిచ్చావు?"
"తగ్గినాక. లేచి నడవగలిగినాక."

సిలార్ బల్బు వైర్లు చుడుతున్నవాడు ఆగాడు.

స్పార్కు ప్లగ్గు అట్టపెట్టె చింపి
నా నంబరు రాసిచ్చాను.
"చలి మొదలవగానే చెయ్యి.
మిట్టమధ్యాహ్నమైనా సరే.
బండి స్టార్టవుతుంది."