రెండో పూట వర్క్‌షాప్

బ్యానర్ మీద ఆయన పేరుల ఒక వత్తు ఎగిరిపోయింది.
"లేనిదాంట్లోనే అర్థం ఉంటుంది" అని నవ్విండు
ఢిల్లీ నుంచొచ్చిన సారు.
పాలమూరు ఉక్కపోతల అందరం రాసుకున్నం.

ఉప్మా తిన్నంక
ఇంట్ల దొరికిన ఏ రాతైనా బయటికి తీయమన్నడు.
కోయిలకొండ శివలీల తీసింది
వాళ్ల నాయన మేస్త్రి లెక్కల బుక్కు.
పూనా కాలువ పని, పద్దెనిమిది పేర్లు,
పేరు పక్కన రోజులు, అడ్వాన్సు, బియ్యం.

పదకొండో వరుస: కుర్మన్న.
నలభై రెండు గీతలు.
ఆ తర్వాత ఉత్త కాయితమే.

"ఈ ఖాళీని ఎలా చదువుదాం?"
మైకు పక్కకు పెట్టి అడిగిండు.

"చదవం సార్.
నెలనెలా వాళ్లింటికి ముట్టజెప్తం.
నాయనకు చాతగాని నెల
నేను పోత."

పొద్దుగూకంగ సర్టిఫికెట్లిచ్చిన్రు.
నా పేరుల గూడ ఒక వత్తు లేదు.
లైన్ల నిలబడి
దిద్దిచ్చుకున్న.