మధ్యకాయ

రిజ్వానా వచ్చి పక్కన కూచుంది,
అట్ట మీద కాగితాలు, చెవి మీద పెన్ను.
కూచోగానే తుమ్మింది.
"మిరపకాయమ్మా," అన్నాను.
"యార్డుకి పోవడం మానేసి ఎనిమిది నెలలైంది,
చీరలు మాత్రం మానలేదు."

గుంటూరు ఎండ ఈ కింది అంతస్తులోకి దిగదు.
గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు.
పదకొండు మందిమి, ఎడమ వాళ్ళం, కుడి వాళ్ళం,
కొంగు ఒకే వైపు బరువుగా లాక్కుని
కరెంటు కోసం వరసలో.
ఇవాళ నాది పదిహేడోది. ఇంకా ఎనిమిది.

"గత వారం రోజుల్లో," అని మొదలెట్టింది,
"అలసటగా అనిపించిందా?
అస్సలు లేదు, కొంచెం, ఓ మాదిరి, చాలా ఎక్కువ."
మా ఇంటికి తొమ్మిది మెట్లు.
ఐదో మెట్టు మీద కూచుని
ఎదురింటి మేకపిల్ల ఆకు నమలడం చూస్తాను.
మేకని చూడ్డానికే కూచున్నానని అందరూ అనుకుంటారు.
కొంచెం, అని రాసుకో.

"చర్మం మంట?"
నవ్వొచ్చింది.
పద్నాలుగేళ్ళు కాయకి తొడిమ తీసినదాన్ని,
రాత్రుళ్ళు చేతులు మజ్జిగలో ముంచి కునుకు తీసినదాన్ని.
తేజ కాయ మంట నీళ్ళు తగిలితే రేగుతుంది,
పొద్దున్నకి చల్లారుతుంది.
ఇది సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది,
రొమ్ము తీసేసిన చోట, ఎవరూ లేని కల్లంలో
ఎండ ఒక్కటే కాసినట్టు.
దీనికి మజ్జిగ పనిచెయ్యదు.

"మీ ఒంటిని చూసుకుంటే ఎలా ఉంటుంది?"
ఊదా సిరాతో గీతలు గీశారు, కడగొద్దన్నారు,
బస్తా మీద కొట్టువాళ్ళ మార్కు లాగే.
మా అద్దం చిన్నది, బొట్టు వరకే కనిపిస్తుంది.
ఒకందుకు మంచిదైంది.

తర్వాతి ప్రశ్న దగ్గర ఆ పిల్ల గొంతు సన్నబడింది.
"ఇది వదిలేద్దామా ఆంటీ?"
ఎందుకు వదలడం, అడుగు.
మా జకరయ్య నా పక్కన పడుకోవడం మానేశాడు.
నిద్రలో చెయ్యి తగులుతుందని భయం.
కాళ్ళ దగ్గర చాప వేసుకుని
నా మడమ మీద రెండు వేళ్ళు ఆనించి పడుకుంటాడు.
ఏ రాత్రి మెలకువొచ్చినా
ఆ వేళ్ళు అక్కడే ఉంటాయి.
దానికి ఏ గడి, అమ్మాయీ?

రిజ్వానా పెన్ను ఎత్తింది, దించింది.
కాగితం అంచున ఖాళీలో ఏదో చిన్నగా రాసుకుంది.

"డబ్బుకి ఇబ్బంది?"
కార్డు మీద కరెంటు ఉచితం,
నల్లపాడు నుంచి ఆటో ఉచితం కాదు.
చాలా ఎక్కువ.
ఈ ఒక్కదానికే తడుముకోకుండా చెప్పాను.

ఆఖరుది. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు.
"మొత్తమ్మీద మీ జీవన నాణ్యత?"

నాణ్యత. ఆ మాట నాకు తెలుసు.
కొనేవాడు పైకాయ చూడడు,
పైన ఎప్పుడూ ఎర్రవే పోస్తాం.
మోచేతి దాకా చెయ్యి దూర్చి
బస్తా మధ్యలోంచి గుప్పెడు తీసి
విరిచి, వాసన చూసి,
తేమెంతో తాలెంతో చెప్తాడు.
నువ్వు పైకాయే చూస్తున్నావు తల్లీ.
తప్పు నీది కాదు,
మధ్యలో ఏముందో నేనూ చెయ్యి పెట్టి చూసుకోలేదు.

"మీకు తోచింది చెప్పండి."
మొన్నటిదాకా అయితే రెండు.
మందులు ఎక్కించినప్పట్నుంచీ ఏది తిన్నా ఇనుము రుచే.
ఇవాళ పొద్దున గోంగూర పచ్చడి నాలుక్కి తగిలింది.
కారం చాల్లేదని జకరయ్యని తిట్టాను.
తిట్లు తింటూ అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు,
ఉల్లిపాయ ఘాటన్నాడు.
ఇంట్లో ఉల్లిపాయలు అయిపోయి మూడ్రోజులు.

"సువార్తమ్మా!" లోపల్నుంచి పిలుపు.
చెప్పులు విప్పుతూ, ఐదు వెయ్యి, అన్నాను.
ఆ బరువు తలుపు దగ్గర ఆగి,
పెన్సిలుతో వెయ్యి.