ఇంటికొక రింగు

కమలానగర్లో, మోటార్లకు రాగితీగ చుట్టే అంగడి పైన
మా ఆఫీసు.
కింద సుత్తి పడితే పైన స్క్రీను వణుకుతుంది.
నాలుగు లాప్‌టాప్‌లు, మూడు కుర్చీలు.
ఆలస్యంగా వచ్చినోళ్లకు కిటికీ గట్టు.

మీ పని ఏందే అని అడిగితే
మాయమ్మకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.
"కంప్యూటర్లో ధర్నా చేస్తామ్మా" అన్నా ఒకసారి.
"ఎండ తగలదు గదా, మంచిదే" అనింది.

ఎండ తగలదు.
పొద్దున్నుంచి ఒక్క వాక్యాన్నే తిప్పి తిప్పి రాస్తాను.
"రాయదుర్గం ఏడు గంటల బస్సు మళ్లీ నడపాలి"
అని సగం మందికి,
"జీన్సు కుట్టి చీకట్లో నడిచొచ్చే అక్కకు ఒక బస్సు"
అని సగం మందికి.
మధ్యాన్నానికి తెలిసిపోతుంది, అక్క గెలిచిందని.
ప్రతిసారీ అక్కే గెలుస్తుంది.
ఒట్టి బస్సు గెలిచిన రోజు నేను చూడలేదు.
ఫొటోలో ఉన్నామె షాషావలి వాళ్ల పిన్నమ్మ.
ఆమె జీన్సు కుట్టదు, బడిలో వంట చేస్తుంది.
ఆ సంగతి మేం నలుగురం
ఒకరితో ఒకరం మాట్లాడుకోం.

సంతకం రానోళ్లకు మిస్డ్ కాల్ నంబరు పెట్టినాం.
ఒక్క రింగు. కట్.
లెక్క ఒకటి పెరుగుతుంది.
బోర్డు మీద అంకె తుడిచి అంకె రాసి
నా అరచెయ్యి ఎప్పుడూ నీలమే.

పదివేలు దాటిన రాత్రి
ఓబుళేసు మిరపకాయ బజ్జీలు తెచ్చినాడు.
తెల్లారి షాషావలి లెక్క కడగడానికి కూర్చున్నాడు.
"ఒకే నంబరు, నలభై మూడు సార్లు.
ఎవురో పన్లేనోడు"
అని నలభై రెండు వరసలు పట్టి
డిలీట్ మీద వేలు పెట్టినాడు.
ఎందుకో, ఉండప్పా అన్నా.

తిరిగి చేస్తే
గాలి. గాలి. ఒక మేక.
ఆ తర్వాత, "ఎవురూ?"

"నేను వన్నూరప్పనమ్మా, గుండ్లవంక.
మాకు సిగ్నలు గుట్ట మీదనే తగుల్తుంది.
ఫోను మా కోడలిది, గుట్టెక్కే కాళ్లు నావి.
ఇంటికొక రింగు కొట్టినా.
పేరు తలుచుకోని కొట్టినా, మళ్లా తప్పు పోకూడదని.
బొజ్జమ్మకు కొట్టినా, హొన్నూరుసాబుకు కొట్టినా.
సుంకన్న ఇంటికి బీగం,
బెంగళూరికి పన్లకు పొయినారు.
వాళ్లకు కొట్టల్యా.
అబద్ధమెందుకని."

ఒక నంబరుకు ఒకటే లెక్క తాతా
అనే మాట నాలిక మీదికొచ్చి
అక్కడే కూలబడింది.

"మరి బస్సు ఎప్పుడొస్తాదమ్మా?"
మా దగ్గర అన్నిటికీ రాసిపెట్టిన జవాబులుండాయి.
మీ గొంతు కలిపినందుకు కృతజ్ఞతలు,
మరో ముగ్గురికి చెప్పండి.
మరో ముగ్గురికంట!
ఊరంతా తిరిగి అడిగి
ముళ్లకంపలు దాటి
గుట్టెక్కినోడికి.

హైదరాబాదు నుంచి సుమేధ ఒప్పుకోలేదు.
ఒకటంటే ఒకటే, రేపు ఎవరైనా
వంద రింగులు కొట్టి వంద మందిమంటే, అనింది.
తప్పనలేను.
డిపోకిచ్చిన అర్జీలో వన్నూరప్ప ఒక్కడే.
దాని వెనక పిన్ను కొట్టి ఒక తెల్లకాగితం పెట్టినా,
పెన్నుతో, నలభై మూడు పేర్లు,
గాలికి అడ్డంపడి ఆయన అరిచి చెప్పినవి.
కొన్ని సరిగ్గా వినపడలేదు.
ఎర్రితాతో, ఎర్రెక్కో,
రెండూ రాసినా.

కాగితం తీసుకున్న గుమాస్తా
ముందు పేజీ చూసి ముద్ర వేసినాడు.
పిన్ను తీయలేదు.

బస్సు ఇంకా రాలేదు.
మేం ఇప్పుడు ఇంకో పనిలో ఉన్నాం,
బోర్డు మీద ఇంకో అంకె.
పాత నంబరు తీసేయాలని నెల నుంచి అనుకుంటా ఉండాం.

ఈ పొద్దు మధ్యాన్నం, కింద సుత్తి ఆగిన కాసేపట్లో,
అది మోగింది.
ఒక్క రింగు. కట్.
చూస్తే ఆ గుట్ట మీది నంబరే.

సుంకన్న వాళ్లు వచ్చినట్టుండారు.