ఉడుత బండి

మూసారాంబాగ్ సందుల గేమ్ పార్లర్,
గంటకు నలభై.
వానకు ఆర్డర్లు ఆగితే
తడిసిన సంచి కుర్చీ కింద పెట్టి కూసుంట.

అందరు ఏనుగు బండో, దున్నపోతు బండో పడ్తరు.
నాకు ఉడుతే.
వీపు మీద మూడు చారలు, తోకల సైలెన్సర్.
ఏనుగు పక్కకెళ్లి పోతే చాలు,
ఆ గాలికే గోడకు గుద్దుకుంటది,
కిచ్ మంటది.
"కాయితంరా అది" అంటడు జహంగీర్.

పడ్డంక చూడాలె దాన్ని.
ఏనుగు ఒళ్లు విరుసుకునే లోపట
రెండు మలుపులు దాటిపోతది.
గెలిసింది మాత్రం ఒక్కసారే,
అదీ కరెంటు పోయేముందు.

నిన్న చాదర్‌ఘాట్ కాడ
సిటీ బస్సు రాసుకుంట పోయింది.
స్కూటీ ఊగింది.
సంచిల సాలన్ ఒలకలే.
హెల్మెట్ లోపట
ఎవరో కిచ్ మన్నరు.