ముద్దెమాలు

ప్రశ్న పదకొండు:
గడచిన పన్నెండు నెలల్లో
మీ ఇంట్లో ఎవరైనా నేరానికి గురయ్యారా?

సిరొంచ దాటాక, ప్రాణహిత తడి గాలి తగిలే పల్లె.
గోడ మీద మరాఠీలో టీకాల తేదీలు,
గోడ లోపల తెలుగులో తిట్లు.
నా ఫారంలో రెండే గళ్ళు: అవును, కాదు.

"పన్నెండు నెలలంటే యాడికెళ్ళి యాడిదాక?"
అడిగింది జాడి ఎల్లక్క.
"నాది మూడేండ్ల కింది ముచ్చట.
కని ఇంక ఒడ్వలే గద."

మూడేళ్ళ కిందటిది లెక్కలోకి రాదు.
పెన్నుకు మూత పెట్టాను.
ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

కళ్ళంలో నాలుగు బస్తాల ఎండుమిర్చి.
ట్రాక్టరు లైట్లు ఆర్పుకుని వచ్చారు.
అడ్డం పోతే గొడ్డలి కామతో ముంజేతి మీద ఒక్కటి.
"ఎముక ఇరిగిన సప్పుడు నాకే ఇనపడ్డది,
ఎవలో పొయ్యిల కట్టె ఇరిసిండ్రనుకున్న."

ఠాణాలో ఆమె తెలుగులో ఏడ్చింది.
జమేదారు మరాఠీలో రాసుకున్నాడు.
నడుమ చాయ్ తెచ్చే పిల్లగాడు
ఏడుపులో సగం తర్జుమా చేసి
మిగతా సగం దగ్గర
గ్లాసులు ఖాళీ చేయమన్నాడు.
కాగితం మీద గొడ్డలి కామ, కర్ర అయింది.
విరిగిన ఎముక, చిల్లర గాయమైంది.
ఎల్లక్క, యల్లాబాయి అయింది.

దొంగలు దొరికారు. ఆ మాట దాచను.
ఎనిమిదో రోజుకే, నాలుగు బస్తాలతో సహా.
లక్క కరిగించి ముద్రలు గుద్ది, చీటీలు కట్టి
బస్తాలను వెనక గదిలో పెట్టారు.
ముద్దెమాలు, అన్నారు.
కేసు తేలేదాకా ముట్టుకోరాదట.
ఆ ఎండాకాలమంతా ఠాణాలో అందరికీ తుమ్ములే.
తుమ్మినప్పుడల్లా ఆమెను తిట్టుకున్నారట.
"గప్పుడు మాత్రం నా పేరు సక్కగనే పలికిండ్రు."

తారీఖు మీద తారీఖు.
తెల్లారకముందే అహేరి బస్సు,
అడవి దారి, ఒళ్ళో సద్ది మూట.
ఏడో తారీఖున బంట్రోతు బయటికొచ్చి
యల్లాబాయి, యల్లాబాయి, యల్లాబాయి
హాజిర్ హో అని కేకేశాడు.
వరండాలో స్తంభానికి ఆనుకుని
ఎల్లక్క కూడా అటూ ఇటూ చూసిందట.
"ఎవలో పాపం, బస్సు తప్పినట్టున్నదనుకున్న."

ఫిర్యాది గైర్హాజరు.
వాళ్ళు ఆ సాయంత్రమే, అదే బస్సులో,
ఆమెకు రెండు సీట్ల ముందు కూర్చుని ఇంటికొచ్చారు.

బస్తాలు నిరుడు ఇచ్చారు.
ముద్ర పగలగొడితే ఎరుపు లేదు,
తడిసి ఆరిన అట్ట రంగు.
ఒకటి తుంచి నాలుక మీద పెట్టుకుందట.
"గంత మిర్చికి కండ్లల్ల సుక్క నీళ్ళు రాలే బిడ్డా."

నష్టం విలువ, రూపాయల్లో?
అప్పటి మిర్చి ధర చెప్పింది.
నది దాటి కట్టు కట్టించుకున్న ఖర్చు,
బస్సు టికెట్లు, పోయిన కూలి,
అన్నీ వేళ్ళ కణుపుల మీద లెక్కబెట్టి
ముంజేయి దగ్గర ఆగింది.
"ముసురు పడితే గుంజుతది. అది ఏ గడిల రాస్తవ్?"

పోలీసులకు చెప్పకపోతే, ఎందుకు?
దానికి తొమ్మిది జవాబులు అచ్చువేసి ఉన్నాయి.
చెప్పినవాళ్ళకు ఏమైందో రాయడానికి
ఒక్క గీత చోటు.
ఆలాపల్లి బస్టాండులో నా ఫోను పోయినప్పుడు
నేనూ ఎవరికీ చెప్పలేదు.
సర్వే చేసేవాళ్ళు శాంపిల్లో ఉండరు.

కాదు అన్న గడిలో టిక్కు పెట్టాను.
నేరం జరగని ఇల్లు, నూట పద్నాలుగు.

లేవబోతుంటే నా పేరడిగింది.
కొప్పులవార్, అన్నాను.
"చివర్ల ఆ వార్ ఏంది?"
రాజూరా బడిలో మా తాతకు పంతులు తగిలించాడట,
అంతకుమించి నాకూ తెలియదు.
"కొప్పుల," అందామె.
సరిగ్గా వచ్చిందా అని నా మొహంలోకి చూసి
ఇంకోసారి అంది.