అడుగుకింత

మా నాయన బోరుబండి మీద పనిచేసేవాడు.
కూడేరు, బెళుగుప్ప, ఉరవకొండ,
ఏ చేను ఎండితే ఆ చేనులోనే ఆయన ఉగాది.
నీళ్లు పడినా పడకపోయినా
అడుగుకింత.
రాత్రి ఇంటికొస్తే రెప్పల మీద తెల్లటి రాతిపిండి.
నవ్వబోయి, పెదవి పగులుతుందని మానుకునేవాడు.

నేను అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరింది చదువుకే.
బస్సు పాసు గడువు తీరిన వారం
బుక్కరాయసముద్రం నుంచి ఉరుక్కుంటా వచ్చి
హాజరు పిలిచేలోపల బెంచీలో కూచున్నాను.
కిటికీలోంచి చూసింది పీడీ, పీరాసాబ్ సారు.
"యాడ నుంచిరా?"
"బీకేఎస్ సార్."
"ఎంత సేపట్లో?"
వాచీ లేదని చెప్పినాను.
మర్నాడు చెరువుకట్ట మొదట్లో నిలబడి
బూటు లేసుతో మెడకు కట్టుకున్న స్టాప్‌వాచ్ నొక్కినాడు.

అప్పటిదాకా దూరమంటే దూరమే.
ఆ పొద్దు నుంచి నిమిషాలైంది,
తర్వాత సెకన్లైంది,
ఆఖరికి సెకనులో పదో వంతై
రైల్వే కోటా సెలక్షన్లో
నాకడ్డంగా పడుకుంది.

సీనియర్ ఇచ్చిన బూట్లు ఒక సైజు పెద్దవి,
ముందర పాత పంచె పేలికలు కుక్కుకున్నాను.
యూనివర్సిటీల పోటీలో పదివేల మీటర్లకు కంచు వచ్చింది.
పురుగు పట్టదని ఎవరో చెప్పినారంట,
అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో వేసింది.
ఇప్పటికీ అక్కడే ఉంది.
పురుగు పడుతూనే ఉంది.

నా పని పేరు పేసర్.
ఇంట్లో అర్థమయ్యేట్టు చెప్పడం కష్టం.
"గెలిచేటోళ్ల ముందర ఉరకాల."
"ముందర ఉంటే నువ్వే గెలిచినట్టు గదా?"
"ముప్పయ్యో కిలోమీటరు కాడ పక్కకు తప్పుకోవాల."
అమ్మ చాటలో బుడ్డలు చెరగడం ఆపి నన్ను చూసింది.
నాయన మాత్రం అడిగినాడు:
"కిలోమీటరుకింతనా, గుత్తగానా?"

పుణె, ఢిల్లీ, ముంబై, కొచ్చి.
ఊరేదైనా చీకట్లోనే మొదలు.
అందరి ఛాతీ మీదా పేర్లుంటాయి,
నా మీద నా పని ఉంటుంది.
కిలోమీటరుకు మూడు నిమిషాల పదహారు సెకన్లు,
ఒకటి ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు.
ఎదురుగాలి నాది, చాటు వాళ్లది.
వాళ్ల ముఖాలు నాకు తెలియవు,
ఊపిర్లు తెలుసు:
ఇతనికి కుడిడొక్క పడుతోంది,
ఇతను ఇంకా అబద్ధమాడుతున్నాడు,
దాచుకున్నది చాలా ఉంది.

ముప్పై.
ఎడమపక్కకు జరుగుతాను.
గాలి పెట్టుకుని గుంపు దాటిపోతుంది.
కాళ్లకు కబురందదు, కొంచెంసేపు వాటి దారి అవి పోతాయి.
డబ్బుల్లేకున్నా రైతు అంటాడే
"ఇంకో యాభై అడుగులు దించప్పా" అని,
అట్లా అంటాయి.
ఎవరో అరటిపండు ఇస్తారు.
బస్సులో తలుపు పక్క సీటు.
ఎక్కడో రిబ్బను తెగిన అరుపు
అద్దంలోంచి సన్నగా వినబడుతుంది.

పోయిన జనవరిలో ఒకసారి తప్పుకోలేదు.
వెనక ఒక ఊపిరి విరిగింది,
"పోవద్దన్నా" అంది తెలుగులో.
మన తట్టు యాస. తిరిగి చూడలేదు.
ఒప్పందంలో లేని రెండు కిలోమీటర్లు
గాలికి అడ్డంగా ఉన్నాను.
సాయంత్రం మేనేజరు కేకలేసినాడు.
ఆ పిల్లోడు ఎన్నోవాడొచ్చినాడో కనుక్కోలేదు.

ఇంటికొచ్చి చెబితే నాయన చాలాసేపు బీడీ వెలిగించలేదు.
"బెళుగుప్ప కాడ ఒగసారి
నేనూ ఇరవై అడుగులు దించినా,
ఓనరుకు చెప్పకుండా."
"నీళ్లు పడినాయా?"
"తడిమట్టి వచ్చింది.
అంతలోకే డీజిల్ అయిపోయె."

రేపు కట్ట మీద ముప్పై రెండు ఉరకాల.
పీరాసాబ్ సారు రిటైరైనాడు, వాచ్ ఎప్పుడో చెడిపోయింది.
లేసు నాకిచ్చినాడు.
ఎడమ బూటుది మొన్న తెగింది,
దాన్ని కట్టుకుంటున్నాను.