గీత పైకి

ఫుజైరాలో, కిటికీ లేని గదిలో
జెల్ ట్యూబును ముందు కాసేపు నా గుప్పిట్లో పెట్టుకుంటాను.
చల్లగా తగిలితే రెప్ప ఉలిక్కిపడుతుంది,
బొమ్మ చెదురుతుంది.

ప్రోబు మెడ మీద చిన్న తెల్ల గీత.
అది ఎటుంటే తెరకు అటే పైవైపు.
పని నేర్పిన శోశమ్మ చేచీ అనేది:
గీత తప్పితే కనిపించేదంతా నిజమే,
చోటే అబద్ధం.

"ఫోగ్" అన్నాను, అలవాటు కొద్దీ.
"మీదికా మేడం?"
కాగితం మళ్లీ చూశాను.
రాజలింగు. రాళ్ల క్వారీ. ఎడమ కన్ను.
సుత్తి కింద నుంచి లేచిన పెచ్చు.
మా ప్రొద్దుటూరులో పైకి అంటాం.
"మీదికే" అన్నాను.

అతను పైకి చూస్తే నేను కింద ఆనిస్తాను,
కిందికి చూస్తే పైన.
కంటి లోపలి గోడ
ఎప్పుడూ ఎదురింటి నుంచే కనిపిస్తుంది.
నొక్కను. ప్రోబు బరువంతా
అతని చెంప మీద ఆనించిన నా చిటికెన వేలిదే.

"ఇప్పుడు సముద్రం వైపు చూడు."
మూసిన రెప్ప కింద గుడ్డు కదల్లేదు.
"సముద్రం ఏ దిక్కు మేడం?
ఆరేండ్లాయె. క్యాంపుల కెల్లి క్వారీ, క్వారీల కెల్లి క్యాంపు.
మేం కొట్టిన రాళ్లు ఓడలెక్కుతయట.
నేనైతే సూడలే."

ఇక్కణ్ణించి రెండు మలుపులు, అంతే.
అతని ఎడమ భుజం తట్టాను: ఇటు.
గీతను పైకే ఉంచి
ముక్కు పక్కకు జరిగాను.

కన్ను కదిలింది.
తెర మీద రక్తం తుంపర తుంపరగా లేచి
సుడి తిరిగి, తీరిగ్గా దిగింది.
గెయిన్ తగ్గించాను. తుంపర ఆరిపోయింది.
ఇంకా తగ్గించాను.
ఒక్క పొర ఆరలేదు,
నరం దగ్గర ముడిపడి
తెల్లగా, మొండిగా.

చెప్పవలసింది డాక్టరు.
నాది పట్టుకునే చెయ్యి.
"ఎట్లున్నది మేడం?"
"అటే చూస్తూ ఉండు."
కొలత తీయడానికి అంతసేపు అక్కర్లేదు.

జెల్ తుడిచాక లేచి కూర్చున్నాడు.
మంచి కన్నుతో ఎడమ గోడను చూశాడు.
అక్కడ క్యాలెండరు కూడా లేదు,
ఒట్టి సున్నం.
"ఈడికెల్లి దూరమా?" అన్నాడు.